డల్ అని మాత్రం అనకు

ఆదివారం

మా తమ్ముడు చిన్నోడు గెలిచాడు. ముందు ఆ మాట రాసుకోవాలి, ఎందుకంటే ఇంట్లో ఎవరి మొహం చూసినా ఓడి వచ్చినట్టే ఉంది.

నాలుగో రౌండులో ఎడమ కణత మీద తగిలింది. జనం అంత గోల పెడుతున్నా కార్నర్లో ఉన్న నాకు ఆ చప్పుడు వినిపించింది. మోకాళ్ళు రెండూ చెరో పక్కకీ పోయాయి. తాడు మీద పడి, తాడు పట్టుకునే నిలబడ్డాడు. అవతలివాడు ఇక అయిపోయిందనుకుని చేతులు దించుకుని మీదికొచ్చాడు. అదే వాడు చేసిన తప్పు. మావాడు కింద నుంచి గడ్డానికి ఒక్కటిచ్చాడు. వాడి మౌత్‌గార్డ్ ఎగిరొచ్చి నా నీళ్ళ బకెట్లో పడింది. చేతులు కూడా అడ్డం పెట్టుకోకుండా మొహం మీద పడ్డాడు. నేను స్టూలెక్కి అరిచాను. ముప్ఫై నాలుగేళ్ళ దాన్ని, సిగ్గూ ఎగ్గూ లేకుండా అరిచాను.

తర్వాత కనుబొమ్మ చూశాను. ఎముక కనిపించేంత చీలింది. దూది పుల్ల లోపలికి పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. గుద్దడం తమ్ముడి పని, ఎలా గుద్దాలో చెప్పడం నాన్న పని, కారేదాన్ని ఆపడం నా పని. కుడి చిటికెన వేలు వంగదు కాబట్టి మిగిలిన వేళ్ళతోనే ఆపుతాను.

రింగు డాక్టరు వచ్చి కళ్ళలో లైటు వేశాడు. ఆయనకి మన భాష రాదు. మాలో ఆయన ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే.

"బాగున్నాడని చెప్పు," అన్నాడు నాన్న. "సింహంలా ఉన్నాడని చెప్పు."

చెప్పాను. సింహాలకి వైద్యం చేయడం తనకి రాదన్నాడు డాక్టరు. రేపు ఆసుపత్రికి తీసుకురమ్మన్నాడు.

సోమవారం

తలకి స్కానింగ్ తీశారు. ఏమీ లేదట. నాన్న అక్కడికక్కడే లేచి బయల్దేరబోయాడు. డాక్టరు కూర్చోమని చెయ్యి చూపించాడు.

ఇవాళ లేదంటే రేపు ఉండదని కాదు అన్నాడు. కొన్ని దెబ్బలకి తలలో రక్తం వెంటనే కారదట. గోడలో చెమ్మలాగ రోజుల తరబడి ఊరుతుందట. మనిషి తిరుగుతూనే ఉంటాడు, తింటూనే ఉంటాడు. అప్పుడు తలకి ఇంకో గట్టి దెబ్బ తగిలిందా, అక్కడే పోతాడు. అది ముందు మనిషి వాలకంలో తెలుస్తుందట, ఉషారు ఎలా తగ్గుతోందో అందులో.

"రోజూ సాయంత్రం ఫోన్ చెయ్. ఎలా ఉన్నాడో ఒక్క మాటలో చెప్పు. మీ నాన్న చెప్పకూడదు, వాడూ చెప్పకూడదు. నువ్వే చెప్పాలి. దాన్ని బట్టే నెలాఖరు పోటీకి ఒప్పుకుంటాను."

"నేనే ఎందుకు?"

"గాయం లోపలికి చూసేది నువ్వొక్కదానివే."

పొంగిపోయాను, పిచ్చిదానిలా.

"డల్ అని మాత్రం అనకు," అన్నాడు. "మీవాళ్ళందరూ అదే అంటారు. జ్వరమొచ్చినా డల్, ప్రేమ పోయినా డల్, చచ్చిపోతున్నా డల్."

ఐదు మాటలు చెప్పాడు. ఇంటికొచ్చే దారిలో నాలో నేను అనుకుంటూ వచ్చాను. టైర్డ్ అంటే మామూలు అలసట, పడుకుని లేస్తే పోతుంది. స్లగ్గిష్ అంటే మనిషి కదులుతాడు కానీ లేటుగా కదులుతాడు, పొద్దున్నే మా పంపులో నీళ్ళలాగ. లిస్ట్‌లెస్ అంటే ఒంట్లో బలం ఉంటుంది, దేని మీదా మనసుండదు. లెథార్జిక్ అంటే మనసు సంగతి తర్వాత, అసలు ఒళ్ళే రాదు. పిలిస్తే పలుకుతాడు, మళ్ళీ మునిగిపోతాడు. డ్రౌజీ అంటే కూర్చున్నవాడు కూర్చున్నట్టే మగతలోకి జారిపోవడం. చివరి రెండింట్లో ఏది వచ్చినా పోటీ లేదు, వెంటనే ఆసుపత్రికి.

"మధ్యలో ఆ రెండూ నాకు ఒకేలా ఉన్నాయి," అన్నాను డాక్టరుతో, బయల్దేరే ముందు. "లిస్ట్‌లెస్ ఏదో లెథార్జిక్ ఏదో చూసి చెప్పడం ఎలా?"

"వాడికి ప్రాణమైనదేదో వాడి ముందు పెట్టు. కన్ను మెరిస్తే మొదటిది. మెరవకపోతే రెండోది."

మంగళవారం

టైర్డ్ అని చెప్పాను. నిజమే. పొద్దంతా పడుకుని సాయంత్రం నాలుగు గుడ్లు తిని, నా వంటని తిట్టాడు.

వంట అమ్మది.

బుధవారం

కింద జిమ్ములో గుద్దే బస్తాకి కొత్త తోలు కుట్టాను. పైన మా ఇల్లు, కింద జిమ్ము, పొద్దున్నించీ ఇల్లంతా ధన్ ధన్‌మంటూ ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే నిద్రపోయిన దాన్ని, అత్తారింట్లో నిశ్శబ్దానికి నిద్ర పట్టేది కాదు. నిశ్శబ్దం ఎక్కువ రోజులు లేదులే.

కుడుతూ కుడుతూ అందరికీ మాటలు తగిలిస్తున్నాను. జిమ్ములో చిన్నోడితో సాధన చేసే బండోడు స్లగ్గిష్. బరువులో చిన్నోడికి ఒకటిన్నర ఉంటాడు, గుద్దు బయల్దేరి చేరేలోపు బట్టలు ఆరేసుకు రావచ్చు. నాన్నకి ఏదీ తగలదు. కాలేజీలో చదివింది ల్యాంగ్విడ్ అని ఇంకోటుంది, తీరిగ్గా సోలిపోవడం. అది పిల్లులకీ కలవారి అమ్మాయిలకీ బాగుంటుంది. మా ఇంట్లో ఎవరికీ పనికిరాదు.

టైర్డ్.

శుక్రవారం

టైర్డ్.

శనివారం

నెలాఖరు పోటీ ప్రకటించారు. హాల్లో రెండు వైపులా కుర్చీలు, మధ్యలో మైకు. అటుపక్క లారీ.

ఊరంతా వాడిని లారీ అంటుంది. నేను మూడేళ్ళు మొగుడన్నాను. తలుపు సందులో నా చిటికెన వేలు పెట్టి తలుపు మూసినవాడు. మూసి, గడియ పెట్టి, భోజనానికి కూర్చున్నాడు. విడాకులైన రోజే చిన్నోడు నాన్న ముందు నిలబడి, "వాడిని రింగులోకి తీసుకురా నాన్నా, ఇంకేమీ అడగను," అన్నాడు. అప్పటికి మీసాలు కూడా సరిగా రాలేదు వెధవకి. ఇన్నేళ్ళకి పోటీల వరస కలిసింది.

ఈ పోటీ కోసం నేను ఎంత ఎదురుచూస్తున్నానో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడైనా రాసుకుంటాను. వాడి ముక్కు పగలాలి. పళ్ళు రాలాలి. పాకుతూ పోవాలి, నేను వంటింట్లో పాకినట్టు. రోజూ పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసుకుని అదే అనుకుంటాను.

ఫోటోలప్పుడు వాడు పక్కకి వచ్చి నాకు మాత్రమే కాకుండా అందరికీ వినిపించేలా అడిగాడు. "ఏంటి, వేలు వంగుతోందా?"

చిన్నోడు లేచి వాడి పీక పట్టుకుంటాడనుకున్నాను, ఆపడానికి భుజం మీద చెయ్యి కూడా వేశాను. వాడు లేవలేదు. మైకు తీగ వంక చూస్తూ కూర్చున్నాడు.

తమ్ముడికి బుద్ధి వచ్చింది. నలుగురిలో ఎలా ఉండాలో నేర్చుకున్నాడు.

స్లగ్గిష్ అని చెప్పాను. కొంచెం నెమ్మదిగా ఉన్నాడు, అంతే.

ఆదివారం

అమ్మ వంటింట్లోంచి పిలిచింది. "వాడు నాతో పోట్లాడి ఎన్నాళ్ళయిందే?"

"మంచిదేగా."

"మంచిదేంటే నీ మొహం. కంచం ముందు పెడితే చెంచా పట్టుకుని అలాగే ఉండిపోతున్నాడు. తినరా అంటే తింటాడు. మళ్ళీ ఆగిపోతాడు. నాకేం బాలేదు."

"పోటీ బెంగ అమ్మా. నువ్వు ఊరికే కంగారు పడి నన్ను చంపకు."

జిమ్ములోకి ఎప్పుడూ దిగదు అమ్మ. వీళ్ళ సంగతి తనకేం తెలుసు.

సోమవారం

డాక్టరు చెప్పిన పరీక్ష చేశాను.

వాడికి ప్రాణం వాడి పాత మోటారు సైకిలు. అది వాడి చేతుల్లో తప్ప ఇంకెవరి చేతుల్లోనూ సరిగా స్టార్ట్ కాదు. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే మూడో ఇంట్లో ఉన్నా వినిపించేలా తిడతాడు. నేను మెట్ల కింద నిలబడి, చోక్ లాగకుండా కిక్కు కొట్టాను. దగ్గింది. మళ్ళీ కొట్టాను. అందుకున్నాక ఆక్సిలేటర్ చివరిదాకా తిప్పి అలాగే పట్టుకున్నాను. పొగ వీధంతా కమ్మింది. ఎదురింటాయన చెవులు మూసుకుని బయటికొచ్చి నాకు దండం పెట్టాడు.

పైన కిటికీ పక్కనే మంచం మీద కూర్చుని ఉన్నాడు వాడు. రాలేదు.

వినపడి ఉండదు. కిటికీ మూసి ఉంది.

లిస్ట్‌లెస్ అని చెప్పాను. "ఖాయమా?" అన్నాడు డాక్టరు. ఖాయమన్నాను.

మంగళవారం

కిటికీ మూసి లేదు.

బుధవారం

నాన్న అడిగాడు. "ఆ డాక్టరుకి ఏం చెబుతున్నావు?"

"లిస్ట్‌లెస్."

"అంటే?"

"ఒంట్లో బాగానే ఉంది, మనసు లేదని."

ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాన్న మొహం తేటపడింది. మనసు లేని బాక్సర్‌కి ఈ జిమ్ములో ఒకటే మందు. లేపుడు రౌండ్లు. తలకి దెబ్బ తగలకుండా పెట్టే టోపీ తీసేసి, తనకంటే బరువైనవాడితో నిలబెట్టి, కోపం వచ్చేదాకా కొట్టిస్తారు. కోపం రాగానే ఆపేస్తారు. నాన్నని తాత అలాగే లేపాడు. చిన్నోడిని పదహారో ఏట నాన్న అలాగే లేపాడు. రెండు గుద్దులకే తోక తొక్కిన పాములా లేచాడు అప్పుడు, వాడిని ఆపడానికి నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది.

"మనసు లేకపోతే తెప్పిద్దాం," అన్నాడు నాన్న. "బండోడిని పిలు."

నేను పిలవలేదు. నాన్నే పిలిచాడు.

లిస్ట్‌లెస్.

గురువారం

రాయకూడదనుకున్నాను. రాయకపోతే పడుకోలేను.

మొదటి గుద్దు నుదుటి మీద పడింది. చిన్నోడు కళ్ళు ఆర్పాడు. రెండోది దవడ మీద. మూడోది చెవి మీద పడేసరికి చెవి చివర చీలి మెడ మీదికి రక్తం కారింది. కోపం రాలేదు. చేతులు పైకి లేపమని నాన్న అరిస్తే లేపుతాడు. నాన్న ఆగగానే అవి మెల్లగా కిందికి దిగిపోతాయి. "కొట్టరా!" అంటాడు నాన్న. బండోడు కొడతాడు. తల వెనక్కి పోయి మళ్ళీ ముందుకొస్తుంది, అక్కడే నిలబడుతుంది, ఇంకోటి తీసుకోవడానికన్నట్టు.

బండోడు గ్లోవ్స్ దించేశాడు. "మాస్టారూ, నా వల్ల కాదు. మొహం ఎదురుపెట్టి నిలబడుతున్నాడు. ఇది కొట్టుకోవడం కాదు మాస్టారూ, పాపం."

"నువ్వు దిగు."

నాన్న తనే గ్లోవ్స్ తొడుక్కున్నాడు. అరవై దాటిన మనిషి. కొడుకుని మూలకి నెట్టి కొట్టాడు. పొట్టలో కొట్టాడు, మొహం మీద కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ, "లేవరా! లేవరా!" అన్నాడు. మూతి పగిలింది. మొన్న నేను మూసిన కనుబొమ్మ మళ్ళీ తెరుచుకుంది. రక్తం నాన్న బనీను మీద చిమ్మింది. అప్పుడు చూశాను, నాన్న ఏడుస్తున్నాడు. ఏడుస్తూ కొడుతున్నాడు.

నేను రింగులోకి దూరి మధ్యలో నిలబడ్డాను. "చాలు నాన్నా! చచ్చిపోతాడు!"

"నువ్వేగా మనసు లేదన్నావు!"

దానికి నా దగ్గర జవాబుంది. నోట్లోనే పెట్టుకున్నాను.

సాయంత్రం ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. లెథార్జిక్ అని చెబితే పోటీ ఉండదు, లారీ ముక్కు అలాగే ఉంటుంది. వాడు నవ్వుకుంటూ వరసలో ఇంకొకడితో ఆడుకుంటాడు. ఇంక మాకు అవకాశం రాదు. ఎనిమిదేళ్ళు ఎదురుచూశాను. ఇంకొన్ని రోజులే. చిన్నోడు రింగులోకి దిగి వాడి మొహం చూడగానే కోపం అదే లేస్తుంది. వాడికి ప్రాణమైనది మోటారు సైకిలు కాదేమో, ఇదేనేమో. పరీక్ష నేనే తప్పు చేశానేమో.

లిస్ట్‌లెస్.



శుక్రవారం

లిస్ట్‌లెస్.

శనివారం

లిస్ట్‌లెస్. "ఖాయమా?" అని అడగడం మానేశాడు డాక్టరు. నన్ను నమ్ముతున్నాడు దరిద్రుడు.

మంగళవారం

వాడికి గడ్డం గీశాను. కుర్చీలో కూర్చోబెట్టి సబ్బు రాస్తుంటే తల నా పొట్ట మీదికి వాలిపోయింది. చిన్నప్పుడు తల దువ్వుతుంటే ఇలాగే వాలేవాడు.

"నిద్రొస్తోందేంట్రా?"

"లేదక్కా."

"లారీ గుర్తున్నాడా?"

"ఊఁ."

"ఏం చేస్తావు వాడిని?"

చాలాసేపు జవాబు రాలేదు. వంగి చూస్తే కళ్ళు సగం మూసి ఉన్నాయి. చెంప మీద తట్టాను. "ఊఁ, ఏంటక్కా?" అన్నాడు, చాలా మర్యాదగా. ఈ వెధవ జన్మలో నాతో మర్యాదగా మాట్లాడలేదు.

ఇవాళ ఏం చెప్పానో రాయను.

ఆదివారం, ఆసుపత్రి వరండా

తెల్లారింది. లోపల ఆపరేషన్ జరుగుతోంది. కూర్చోలేకపోతున్నాను, నిలబడలేకపోతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

రాత్రి పోటీలో మొదటి రౌండు నేను కోరుకున్నట్టే జరిగింది. అది రాయకపోతే అబద్ధమవుతుంది. లారీ వస్తూనే, ఈ పిల్లవాడితో నాకేంటన్నట్టు గడ్డం ముందుకి పెట్టి నవ్వాడు. చిన్నోడి కుడి చెయ్యి లేచింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు, ఇన్నేళ్ళ అలవాటు లోపల ఎక్కడో మిగిలి ఉండాలి. లారీ ముక్కు మధ్యలో పడింది. టపుక్కుమంది. ముక్కు ఒక పక్కకి ఒరిగిపోయి మూతి మీదుగా ఛాతీ మీదికి రక్తం ధారకట్టింది. నా కడుపు చల్లబడింది. "ఇంకోటి! ఇంకోటి ఇవ్వరా! చంపెయ్ వాడిని!" అని అరిచాను. నా గొంతు నాకే గుర్తుపట్టరాలేదు.

ఇంకోటి రాలేదు. చెయ్యి దిగిపోయింది.

రెండో రౌండు లారీది. వాడికి రక్తం చూసి పిచ్చెక్కింది. నాకు ఆ పిచ్చి తెలుసు. పక్కటెముకల మీద, కాలేయం మీద, మెడ మీద కొట్టాడు. నాకు తెలిసిన వరసే. నన్ను కొట్టినప్పుడూ అదే వరస. చిన్నోడు గ్లోవ్స్ నడుం దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. పక్క నుంచి కొట్టిన హుక్‌కి పై పన్ను పెదవిలోంచి బయటికొచ్చింది. బెల్ మోగింది. ఎటు వెళ్ళాలో తెలీక నిలబడితే రిఫరీ మా వైపు తిప్పాడు.

స్టూలు మీద కూర్చోబెట్టాను. కంటి కింద వాపు మీద ఐసులో పెట్టిన ఇనప పలక అదిమాను. అది పెడితే ఎంత పెద్ద మగాడైనా ఎగిరిపడతాడు. చిన్నోడు ప్రతిసారీ, "చంపేస్తావే రాక్షసీ!" అంటాడు. ఇప్పుడు ఏమీ అనలేదు. నా వంక చూసి, నెమ్మదిగా, ఇంట్లో ఉన్నట్టు అన్నాడు.

"అక్కా, బండి లోపల పెట్టావా? వాన వచ్చేలా ఉంది."

డాక్టరు తాళ్ళ దగ్గరికొచ్చాడు. లైటు తీస్తూనే నన్నడిగాడు. "ఒక్క మాట."

నాన్న చెయ్యి వెనక నుంచి నా మెడ పట్టుకుంది. "టైర్డ్ అను," అన్నాడు చెవిలో. "ఒక్క రౌండే. వాడి ముక్కు పోయింది, ఊపిరాడట్లేదు వాడికి. ఒక్కటి తగిలితే పడతాడు. నీ కోసమేనే ఇదంతా. టైర్డ్ అను."

నిజమే. అవతల మూలలో లారీ నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. ఒక్కటి తగిలితే పడతాడు. నేనూ చూశాను.

"లెథార్జిక్," అన్నాను.

డాక్టరు చేతిలో లైటు ఆగిపోయింది. "ఇప్పుడా?"

"కాదు. నేను లిస్ట్‌లెస్ అన్న మొదటి రోజు నుంచీ. అప్పటి నుంచీ అన్నీ అబద్ధాలే చెప్పాను. ఇప్పుడు డ్రౌజీ కూడా."

ఆయన నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. రిఫరీకి రెండు చేతులూ ఊపాడు. పోటీ అయిపోయింది.

చిన్నోడికి అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. లేచి నిలబడ్డాడు. "నువ్వా?" అన్నాడు. "నువ్వు ఆపావా?" కుడి చెయ్యి వెనక్కి తీసి నా మొహం మీదికి విసిరాడు.

వాడి కుడి చెయ్యి వస్తుంటే చూసినవాడు ఈ ఊళ్ళో లేడు. తగిలాకే తెలుస్తుంది. పిడుగు అని దానికి పేరు పెట్టింది అందుకే. నేను జీవితంలో గ్లోవ్స్ వేసుకోలేదు. అయినా నాకు కనిపించింది. బయల్దేరడం కనిపించింది, దారిలో ఉండటం కనిపించింది. నేను పలక కింద పెట్టి, చెయ్యి చాపి, ఆ గ్లోవ్‌ని అరచేతిలో పట్టుకున్నాను. ఎదురింటి పిల్లవాడు విసిరిన బంతి పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

నాన్న చూశాడు. కొడుకు గుద్దుని కూతురు ఒంటిచేత్తో పట్టుకోవడం నాన్న చూశాడు. అయినా, లేక అందుకేనేమో, నన్ను లాగి చెంప మీద కొట్టాడు. ఇంతకుముందెప్పుడూ కొట్టలేదు నాన్న. అత్తారింటి నుంచి వచ్చిన రోజు, నా ఇంట్లో దీని మీద ఎవరి చెయ్యీ లేవదు అన్న మనిషి.

చిన్నోడు నా భుజం మీద వాలిపోయాడు. అంత మనిషి బరువూ నా మీదే. రిఫరీ లారీ చెయ్యి పైకెత్తాడు. దిగిపోతూ వాడు నా దగ్గర ఆగి, విరిగిన ముక్కుతో, ముక్కులో దూదితో నవ్వాడు. "పుట్టింట్లోనూ తింటున్నావన్నమాట," అన్నాడు.

ఇనప పలక నా కాళ్ళ దగ్గరే ఉంది. వంగితే అందుతుంది. వాడి ముక్కు మూరెడు దూరంలో ఉంది. కానీ నా రెండు చేతులూ ఖాళీగా లేవు.

సోమవారం

పుర్రెకి రెండు కన్నాలు పెట్టారు. లోపల నుంచి నల్లటి రక్తం వచ్చిందట, పాత ఇంజనాయిల్‌లాగ. అంటే కొత్తది కాదు. ఇంకో రౌండు ఆడి ఉంటే ప్రాణంతో ఆపరేషన్ బల్ల మీదికి వచ్చేవాడు కాదన్నారు.

రింగు డాక్టరు వరండాలో నా ఎదురుగా నిలబడ్డాడు. "మీ నాన్నకి మాటలు తెలీవు," అన్నాడు. "నీకు తెలుసు. అందుకే నీ మీదే నాకు ఎక్కువ కోపం."

తిట్టమన్నాను. తిట్టలేదు. కళ్ళు తెరిచాక మళ్ళీ రోజూ ఫోన్ చెయ్యమన్నాడు.

బుధవారం

డ్రౌజీ. నిజం.

గురువారం

డ్రౌజీ.

శనివారం

లెథార్జిక్. నన్ను గుర్తుపట్టాడు. అమ్మని గుర్తుపట్టి నీళ్ళు అడిగాడు. నాన్నని చూసి మొహం తిప్పుకున్నాడు. గుర్తుపట్టాడనే అనుకుంటున్నాను.

నాన్న మంచం చివర కూర్చుని వాడి పాదాలు పట్టుకుంటాడు. నాతో మాట్లాడడు, నేనూ మాట్లాడను. ఆ చెంపదెబ్బ నేను మర్చిపోను. నేను ఫోన్లో చెప్పిన మాటలూ మర్చిపోను. జిమ్ముకి తాళం పడింది. ఇంట్లో నిద్ర పట్టడం లేదు, నిశ్శబ్దంగా ఉంది.

మంగళవారం

లిస్ట్‌లెస్. ఈసారి నిజంగా అదే. బండి తాళం చెవి చేతిలో పెడితే ఒక్కసారి చూశాడు, కన్ను మెరిసింది, పక్కన పెట్టేశాడు. "నేనింక రింగెక్కను కదా?" అన్నాడు. లేదన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అది ఒంటి బాధ కాదు. దానికి మనసు ఉండాలి.

శుక్రవారం

రోజూ నా అరచెయ్యి వాడి ముందు పెడుతున్నాను, కొట్టమని. ఇన్నాళ్ళూ పిల్లి పాదం పెట్టినట్టే ఉంది. స్లగ్గిష్.

ఆదివారం

ఇవాళ వరండా చివరిదాకా నడిచాడు. నా భుజం పట్టుకుని వెళ్ళాడు, తిరిగొచ్చేటప్పుడు వదిలేశాడు. గోడ పట్టుకుని, నర్సుని దారి తప్పుకోమని, చూడ్డానికొచ్చిన బండోడిని ఎందుకలా చూస్తున్నావురా పోతులా అని, దారంతా వాగుతూ వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు. చెయ్యి పెట్టాను.

కొట్టాడు.

రావడం చూశాను కానీ సరిగా పట్టుకోలేకపోయాను. వంకర వేలి మీద తగిలింది. ఎనిమిదేళ్ళుగా మొద్దుబారి ఉన్న వేలు, దాంట్లో కూడా సుర్రుమంది. "చచ్చినోడా!" అని అరిచాను.

"నువ్వే కదే పెట్టావు!" అన్నాడు వాడు. ఒళ్ళంతా చెమట పట్టింది, రొప్పుతున్నాడు. అలాగే వెనక్కి పడిపోయి, "ఇంక నన్ను లేపకే రాక్షసీ. అలిసిపోయాను," అన్నాడు. నిమిషంలో గురక మొదలైంది.

తట్టి లేపాను. కళ్ళు తెరిచి నాకు రాయడానికి వీల్లేని తిట్టు తిట్టాడు. మళ్ళీ పడుకున్నాడు. గంట తర్వాత తనే లేచి, ఆకలేస్తోంది, అమ్మ వచ్చిందా అన్నాడు.

నాన్న పాదాల దగ్గరే ఉన్నాడు, అంతా చూస్తూ. చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడాడు. నా వంక చూడకుండానే అడిగాడు.

"ఇవాళ ఏం చెబుతావు?"

ఫోన్ చేశాను. డాక్టరు ఎత్తాడు. "ఒక్క మాట," అన్నాడు ఆయన.

"టైర్డ్," అన్నాను.



"ఖాయమా?"

"ఖాయం. నడిచాడు, అలిశాడు, పడుకున్నాడు, లేచాడు."